దువ్వాడలో లంగరేసిన ఓడ

మా సూపర్‌వైజర్ గారు పోయారు. ఆ సంగతి నాకు మా ఆఫీసు నోటీసు బోర్డు చెప్పింది.

పోయిన నెల ఒక సోమవారం పొద్దున్న దువ్వాడ నుంచి పాసింజరులో వచ్చి, వన్ టౌన్‌లో మా ఆఫీసు మెట్లెక్కుతుంటే, సెలవుల జాబితాకీ క్యాంటీను ధరలకీ మధ్య కొత్తగా అంటించిన టైపు కాగితం కనపడింది. ముందురోజు సాయంత్రం గుండె ఆగి పోయారని, పదకొండింటికి సంతాప సభ అని, మధ్యాహ్నం నమాజు తరవాత ఖననమని రాశారు. అంతవరకూ బాగానే ఉంది. ఆ కింద మా మేనేజరు సొంత కవిత్వం మొదలైంది. 'మృదుస్వభావి, మితభాషి, అందరికీ తలలో నాలుక' అట.

నిలబడ్డ చోటే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఒళ్ళు మండింది. ఆయన నాలుక ఎవరి తలలోనూ ఉండేది కాదు, అందరి వీపుల మీదా ఉండేది. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు గానీ, మా మేనేజరు వాటిని గంపెడు చేసి పెట్టాడు. బతికున్నంత కాలం ఆ మనిషిని చూస్తే ఇతనికి కంట్లో కారం పడ్డట్టుండేది. పోగానే మృదుస్వభావి అయిపోయాడు. ఆ కాగితం చింపడానికి చెయ్యి లేవలేదు కాబట్టి ఇది రాస్తున్నాను. చదివితే మా మేనేజరుకి కోపం వస్తుంది. రానీ.

మాది ఓడల్లో సరుకు దించడానికీ ఎక్కించడానికీ కూలీల గ్యాంగుల్ని పెట్టే కంపెనీ. హెడ్డాఫీసు కలకత్తాలో. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, అక్కడ వాడి వదిలేసిన కంప్యూటరొకటి మా నెత్తిన పడింది. ఇంట్లో పెద్దకొడుక్కి పొట్టయిన చొక్కా చిన్నోడికి వేసినట్టు. దాని కోసం ఒక గది ఖాళీ చేసి, అద్దాలు బిగించి, ఏసీ పెట్టారు. ప్రోగ్రాములు రాసిచ్చింది మద్రాసు కంపెనీ ఒకటి. ఏ కూలీ ఏ ఓడ మీద ఏ షిఫ్టు పనిచేశాడో నేనూ నా తోటి అమ్మాయిలూ కార్డుల మీద కన్నాలు గుద్దేవాళ్ళం. మెషిన్ వాటిని మింగి కూలీల హాజరూ జీతాలూ కక్కేది. ఆ గదికి అధిపతి మా సూపర్‌వైజర్ గారు.

ఆయనది వన్ టౌన్‌లోనే పుస్తకాలు బైండు చేసే సాయిబుల కుటుంబం. లెక్కల్లో బీయస్సీ. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, వెండి ఫ్రేము కళ్ళజోడు. ఎవర్నయినా తిట్టబోయే ముందు ఆ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచేవారు. అది మాకు తుఫాను హెచ్చరిక కింద లెక్క. గుమ్మం దగ్గర చెప్పులు విడవకుండా ఆయన గదిలోకి ఎవరూ రాకూడదు. మేనేజరు కూడా బూట్లు విప్పాల్సిందే. అతని మేజోడు బొటనవేలి దగ్గర చిరిగి ఉండేది. మేమంతా తలలు దించుకుని ఆ బొటనవేలినే చూస్తూ నిలబడేవాళ్ళం. సూపర్‌వైజర్ గారు మాత్రం తల దించుకోకుండా చూసేవారు.

చేరిన కొత్తలో నేను గుద్దిన కార్డుల కట్ట ఆయన తిప్పికొట్టారు. "ఏటమ్మా ఇది? వండిన కూర నోట్లో ఏసుకుని సూడవేటి? గుద్దిన కార్డు కూడా అంతే, ఇంకోడి ముందు ఎట్టే ముందు నువ్వు సూసుకోవాల" అన్నారు. ఇంటికెళ్ళి ఏడ్చాను. మర్నాడు రైలు లేటయి నేను ఆలస్యంగా వస్తే హాజరు గుమాస్తా ఎర్రగీత పెట్టబోయాడు. ఈయన కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చి, "రైలు నడిపింది ఈ అమ్మాయేటి? గీత ఆ ఇంజను డ్రైవరుకి ఎట్టు, ఎల్లు" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన తిట్టినా నాకు ఏడుపు రాలేదు. ఆయన అందర్నీ ఈసడించేవారు గానీ, పైవాళ్ళని ఎక్కువా కిందివాళ్ళని తక్కువా ఈసడించేవారు. నేను చూసిన ఆఫీసర్లందరిదీ దీనికి తలకిందులు లెక్క.

మద్రాసు కంపెనీతో మాకు మెయింటెనెన్సు ఒప్పందం ఉండేది. ఏడాదికింత అని కడితే వాళ్ళ ఇంజనీరు వచ్చి మెషిన్ చూసి, ప్రోగ్రాముల్లో మార్పులేమన్నా కావాలంటే చేసి వెళ్ళాలి. అతను మెయిలు బండిలో దిగేవాడు. ఈ ఉప్పుగాలిలో, ఈ ఉక్కలో మెడకి టై. వచ్చి మెషిన్ మూత తీసి మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. సాయంత్రం బీచికి వెళ్ళేవాడు. మర్నాడు మా లెక్కన వంజరం చేప వేపుడు తిని, రిపోర్టు మీద సంతకం పెట్టించుకుని రైలెక్కేవాడు.

"ఈడు సేసిందేటి?" అని మా సూపర్‌వైజర్ గారు మేనేజరు ముందే అనేవారు. "తుడిసేడు. తుడవడానికి మన ఆఫీసు ఊడిసే అప్పయ్యమ్మ సాల్దా? దానికి టై కట్టి కూకోబెట్టండి, వంజరం కూడా అడగదు."

ఈ మాట ఆయన కొంప ముంచింది. మద్రాసువాళ్ళు మరుసటేడు రేటు పెంచేసరికి, మా మేనేజరు ఒప్పందమే మానేద్దామని కలకత్తాకి రాశాడు. కారణం కింద మా సూపర్‌వైజర్ గారు అన్న మాటనే ఇంగ్లీషులో పెట్టాడు. ఇంజనీరు తుడవడం తప్ప ఏమీ చెయ్యడనీ, మనవాళ్ళే నడుపుకోగలరనీ. కలకత్తా వాళ్ళు శభాష్ అన్నారు. ఆ శభాష్ ఉత్తరం మేనేజరు అద్దం కింద పెట్టుకున్నాడు.

"మీరే అన్నారు కదండీ" అన్నాడు మా సూపర్‌వైజర్ గారితో.

ఈయన అప్పుడు కాళ్ళావేళ్ళా పడి ఉండాల్సింది. అసలు ప్రోగ్రాము మద్రాసువాళ్ళ దగ్గరే ఉందనీ, మన దగ్గరున్నది మెషిన్ తప్ప మనిషి చదవలేని నకలనీ, అందులో ఒక్క ముక్క కూడా మనం మార్చలేమనీ ఆయనకి తెలుసు. చెప్పారు కూడా. కానీ ఒక్కసారే చెప్పారు. రెండోసారి చెప్పడం ఆయన ఒంట్లో లేదు. "మానీండి. నాను నడుపుతాను" అని వచ్చేశారు. ఆ పొగరంటే నాకు అప్పుడూ ఇష్టమే, ఇప్పుడూ ఇష్టమే. పొగరు మాత్రం పొగరే.

అక్కణ్ణుంచి మా గదిలో ఒకటే సూత్రం. ముట్టుకోకు. "నడిసే బండిని సూసి దండం ఎట్టుకో, సెక్రంలో సెయ్యెట్టకు" అనేవారు. ప్రోగ్రాము లోకంతో పాటు మారదు కాబట్టి లోకమే ప్రోగ్రాముకి తగ్గట్టు ఒదగాలి. అలిగిన అల్లుడు ఇంట్లో ఉన్నట్టు, దానికి ఏది పడదో అది మేమందరం మానుకునేవాళ్ళం.

సెలవుల సంగతే చూడండి. పండగ తేదీలు ఏటేటా మద్రాసు ఇంజనీరే వచ్చి మార్చేవాడు. అతను రావడం మానేశాక, అతను ఆఖరుసారి పెట్టిన ఏడాది తేదీలే మాకు శాశ్వతమైపోయాయి. ఊరంతా దీపావళి చేసుకునే రోజు మా కూలీలకి మామూలు పనిదినం. ఆ పాత తేదీన, ఏ పండగా లేని ఉత్త గురువారం నాడు, మా ఆఫీసు మూసి ఉండేది. పక్క కంపెనీ గుమాస్తాలు కిటికీల్లోంచి మమ్మల్ని చూసి పళ్ళికిలించేవారు. రంజాన్ మరీ అన్యాయం. అది ఏటా ముందుకి జరిగే పండగ. ఆయన తన పండగ రోజు అత్తరు పూసుకుని, నమాజు చేసుకుని, నేరుగా ఆఫీసుకొచ్చి మెషిన్ ముందు కూర్చున్నారు. "మా నెలవంకని కూడా మద్రాసోడే సూడాల మరి" అన్నారు. మాతో పాటు ఆయన కూడా నవ్వారు. ఆ రోజు ఆయన ఇంటి నుంచి మా గదికి పెద్ద గిన్నెడు సేమియా వచ్చింది. మేనేజరు గదికి వెళ్ళలేదు.

ఇక ఓడ సంగతి.

ఉక్కు ఫ్యాక్టరీ కట్టడం మొదలయ్యాక, దువ్వాడ దగ్గర వ్యాగన్లలోంచి సిమెంటూ ఇనుమూ దించే పని మా కంపెనీకి దొరికింది. రేవులో పాతకాపులైన ఒక గ్యాంగుని తీసి అక్కడికి పంపారు. ఆనందపురం అవతలి పల్లెల రైతుబిడ్డలు వాళ్ళు. వానలు మొహం చాటేస్తే ఊరొదిలి రేవు పట్టిన మనుషులు. వాళ్ళ మేస్త్రి సన్నగా, పొడుగ్గా, భుజం మీద కాయకాసి ఉండేవాడు. అతను గొంతు విప్పితే గోడౌను రేకులు అదిరేవి.

మొదటి రోజు వాళ్ళ కార్డులు మెషిన్ మొత్తంగా తిప్పికొట్టింది. దానికి తెలిసిన లోకంలో పని అంటే ఓడ. ఏ కూలీ పేరు పక్కనయినా ఒక ఓడ ఉండాలి. ఓడ లేకపోతే పని లేదు, పని లేకపోతే హాజరు లేదు. మద్రాసుకి ఉత్తరం రాస్తే, మానేసిన ఏళ్ళకి కూడా కట్టి ఒప్పందం మళ్ళీ రాసుకుంటే వచ్చి చూస్తామన్నారు. మేనేజరుకి అద్దం కింద శభాష్ ఉత్తరం అడ్డొచ్చింది.

"ఏదో ఒకటి చెయ్యండి. మీరే నడుపుతానన్నారుగా" అన్నాడు.

మా సూపర్‌వైజర్ గారు కళ్ళజోడు తీశారు, తుడిచారు, ఈసారి ఎవర్నీ తిట్టలేదు. నా పక్కన కూర్చుని, "అమ్మాయ్, ఓడ వచ్చినట్టు ఒక కార్డు గుద్దు" అన్నారు.

"ఏ ఓడ సార్?"

"మీ ఊరే. ఓడ పేరు దువ్వాడ."

అలా సముద్రం మొహం చూడని మా దువ్వాడలో ఒక ఓడ లంగరేసింది. మెషిన్ నోరు మూసుకుని మింగింది. గ్యాంగుకి హాజరు పడింది. సాయంత్రం నేను ఇంటికెళ్ళి చెబితే మా అత్తగారు, "మన మేకలు మేసేది ఓడ మీదేటి అయితే? మేకలకి టిక్కెట్టు అడుగుతారేమో సూడు" అని నవ్వింది. మా ఇంటికి రెండు పొలాల అవతలే ఆ వ్యాగన్లు నిలిపే సైడింగు.

ఓడ వచ్చాక వెళ్ళాలి కదా. ఇది వెళ్ళలేదు. కలకత్తాకి పోయే రిపోర్టులో 'రేవులో నిలిచిన ఓడలు' అన్న చోట నెల తరవాత నెల దువ్వాడ పేరు పడుతూనే ఉంది. వాళ్ళు కంగారుపడి టెలిగ్రాం ఇచ్చారు, ఈ ఓడ ఎందుకు కదలడం లేదని. నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి అదను ఉంటుందా? మా మేనేజరు సముద్రం పోటుగా ఉందని జవాబిచ్చాడు. తరవాత క్రేను చెడిందన్నాడు. ఆ తరవాత సరుకు తడిసిందన్నాడు. పుట్టని బిడ్డకి జ్వరం, దగ్గు, పాలపళ్ళు అన్నీ వచ్చాయి. మా సూపర్‌వైజర్ గారు ఆ జవాబుల నకళ్ళు చూసి, "ఈడు నవలలు రాసుకోవలసినోడు, పాపం మేనేజరయ్యేడు" అన్నారు.

ఏళ్ళు గడిచాయి. అప్పుడు రేవులో కొత్త ఏర్పాటు వచ్చింది. ప్రైవేటు కంపెనీల దగ్గర ఏళ్ళ తరబడి ఓడల మీద పనిచేసిన కూలీలందర్నీ ఒక పూల్‌లో చేర్చి పర్మనెంటు చేస్తారట. పూల్‌లో పేరుంటే జబ్బు చేస్తే ఆసుపత్రి, ముసలితనంలో పింఛను. పేరు లేకపోతే మర్నాటి నుంచి రేవు గేటు లోపలికే రానివ్వరు. హాజరు మా మెషిన్ కాగితాల్లోంచే తీసుకుంటారు. విచారణకి ఒక ఆఫీసరు వచ్చి, మా కాగితాల్లోని ఓడల్నీ రేవుకొచ్చిన ఓడల్నీ పక్కపక్కన పెట్టి సరిచూసుకుంటూ పోయారు. దువ్వాడ దగ్గర ఆగారు.

ఇలాంటి ఓడ ఈ రేవుకి ఎన్నడూ రాలేదే అన్నారు.

మా మేనేజరు కుడితిలో పడ్డ ఎలకలా కొట్టుకున్నాడు. ఓడ అబద్ధమని ఒప్పుకుంటే ఇన్నాళ్ళూ కలకత్తాకి చెప్పిన పోటూ క్రేనూ అబద్ధాలే. మెయింటెనెన్సు మానేసి తను ఉద్ధరించింది ఏమీ లేదని తేలిపోతుంది. రేపు చెబుతానని గడువు అడిగాడు.

ఆ కబురు అప్పుడే దువ్వాడ చేరింది. మేస్త్రి పరిగెత్తుకొచ్చాడు. మెషిన్ గదిలోకి రానివ్వరని అద్దం అవతలే తువ్వాలు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. సూపర్‌వైజర్ గారే తలుపు తీసుకుని బయటికెళ్ళారు.

"బాబూ, మా ఓడ లేదంతన్నారట" అన్నాడు. రేకులు అదిరే ఆ గొంతు పిల్లిపిల్ల గొంతులా ఉంది. "మరి ఇన్నాళ్ళూ మేవు దించింది ఏటి బాబూ, గాలా? నా మోకాలు అరిగిపోనాది. ఈ పూల్లో పేరు లేకపోతే నన్నింక ఎవడు పన్లో ఎట్టుకుంతాడు? మావోళ్ళందర్నీ నానే తోలుకొచ్చేను. 'రా బావా, పెద్ద కంపినీ' అని సెప్పి తోలుకొచ్చేను. ఆళ్ళ మొకం ఎలాగ సూడను?"

"ఏడవకు" అని కసిరారు మా సూపర్‌వైజర్ గారు. "నా ఓడని నాను ముంచుకుంతానేటి? ఎల్లు, బండి దొరకదు."

లోపలికొచ్చాక ఆయన ఒక కార్డుల కట్ట తలకిందులుగా పెట్టడం చూశాను. అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు.

ఆ సాయంత్రమే మేనేజరు మా గదికొచ్చాడు, బూట్లు విప్పి మరీ. చేతిలో కాగితం. "మీరేం మాట్లాడక్కర్లేదండీ. కంప్యూటర్ తప్పు అని ఒక్క ముక్క, కింద మీ సంతకం. ఆ పేరు మీద పడ్డ హాజరంతా తప్పు లెక్క అనేద్దాం. మెయింటెనెన్సు లేదు, పాత మెషిను, అందరూ నమ్ముతారు. మెషిన్ మీద ఎవరు కేసు పెడతారు చెప్పండి?"

"ఆ గ్యాంగు?"

"అది వాళ్ళ ఖర్మ. మనమేం చేస్తాం?"

ఆడలేక మద్దెల ఓడన్న సామెత విన్నాను గానీ, మద్దెల చేత సంతకం పెట్టించబోయినవాణ్ణి అక్కడే చూశాను. మా సూపర్‌వైజర్ గారు కళ్ళజోడు తీశారు. చాలాసేపు తుడిచారు.

"సూడండి, మెషిన్‌కి తెలివి లేదు. లేదు కాబట్టి దానికి అబద్ధం సేతకాదు. తెలివి లేకుండా కూడా అబద్ధమాడగలిగినోణ్ణి నా సర్వీసులో మిమ్మల్నే సూసేను. ఆ కాగితం మీ జేబులో ఎట్టుకోండి. బూట్లు ఏసుకోండి."

మేనేజరు బయటికెళ్ళి బూట్లు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. లేసులు కట్టుకోవడం రాలేదు.

మర్నాడు విచారణ ఆఫీసరు ముందు మా సూపర్‌వైజర్ గారు ఎవరూ అడక్కముందే లేచి నిలబడ్డారు. "ఆ ఓడ ఎట్టింది నాను. మెషిన్ తప్పు కాదు, కార్డు గుద్దిన అమ్మాయి తప్పు కాదు. ఓడ అబద్ధం. పని నిజం. నమ్మకపోతే నాతో రండి, ఓడ సూపిస్తాను" అన్నారు. ఆఫీసరు మొదట కోప్పడ్డారు, తరవాత వింతగా చూశారు, ఆ తరవాత జీపు తెప్పించారు. నేను ఆ ఊరిదాన్నని దారి చూపడానికి నన్నూ ఎక్కించారు. వద్దన్నా మేనేజరు ఎక్కాడు.

మేం వెళ్ళేసరికి ఎండ మాడ్చేస్తోంది. సిమెంటు దుమ్ములో మనుషులు బూడిద పూసుకున్నట్టున్నారు. వ్యాగన్ల మీంచి పలకలు, పలకల మీంచి బస్తాలు, మేస్త్రి కేకకి అందరి అడుగూ ఒక్కటే. రేవులో ఓడ దగ్గర ఎలా చేస్తారో అచ్చం అలాగే. మా సూపర్‌వైజర్ గారు ఇస్త్రీ చొక్కాతో ఆ దుమ్ములోకి నడిచి, వ్యాగను మీద చెయ్యి వేశారు. "ఇదేనండి దువ్వాడ. నీళ్ళు తప్ప అన్నీ ఉన్నాయి" అన్నారు. పక్కనే నిలబడ్డ మేస్త్రి భుజం మీది తువ్వాలు తీసి, కాయకాసిన చోటు ఆఫీసరుకి చూపించారు. "రేవు కాగితాల్లో ఓడ లేకపోతే లేదు. ఇది రాసుకోండి."

మేస్త్రి సిగ్గుతో మెలికలు తిరిగాడు.  ఆఫీసరు పెన్ను తీసి ఒక్కొక్కణ్ణీ పిలిచి పేరడిగారు. మా మేనేజరు జీపు నీడలో తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాడు.

ఆ గ్యాంగు గ్యాంగంతా పూల్‌లో చేరింది. మా సూపర్‌వైజర్ గారిని మాత్రం, దొంగ ఓడ సృష్టించినందుకు, మెషిన్ గదిలోంచి తీసేశారు. గోడౌను గేటు దగ్గర పాసులు చూసే కౌంటర్లో కూర్చోబెట్టారు. ఎదురుగా బొగ్గు గుట్టలు. ఆ తెల్ల చొక్కా మధ్యాహ్నానికల్లా నల్లబడేది. అయినా మర్నాడు మళ్ళీ తెల్లదే వేసుకొచ్చేవారు. కలకత్తాకి అబద్ధాలు రాసినవాడికేమో ఏ శిక్షా పడలేదు. శిక్షలు నిర్ణయించే కమిటీలో అతనే ఉన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియనిది తరవాత జరిగింది. మద్రాసు కంపెనీకి మానేసిన ఏళ్ళ బాకీతో సహా కట్టి ఒప్పందం మళ్ళీ రాసుకున్నారు. టై ఇంజనీరే వచ్చాడు, కాస్త పొట్ట పెంచుకుని. ఓడ లేకపోయినా హాజరు పడేలా చెయ్యమన్నారు. భోజనానికి ముందు మొదలుపెట్టాడు. సాయంత్రం టీ వేళకి అయిపోయింది. ఒక్క పూట పని. దీనికోసం ఒక గ్యాంగు బతుకులు గాల్లో వేలాడాయి, ఒక మనిషి బొగ్గుదుమ్ములో కూర్చున్నాడు.

ఆ సాయంత్రం గోడౌను గేటుకి వెళ్ళి చెప్పాను. టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ అంతా విన్నారు.

"తుడిసేడా?" అని అడిగారు.

"తుడిచాడు సార్."

టీ ఒలికేలా నవ్వారు. కానీ లేచి వచ్చేస్తుంటే వెనక్కి పిలిచారు. "అమ్మాయ్, గదిలో ఏసీ నీళ్ళు కారుతన్నాయేటి? కింద బకెట్టు ఎట్టు. మెషిన్‌కి తడి తగలనీకు" అన్నారు. తనని వెళ్ళగొట్టిన గది గురించి ఆయన అడిగింది అదొక్కటే. వెళ్ళి బకెట్టు పెట్టాను.

ఇదీ ఆ మృదుస్వభావి కథ.

సంతాప సభలో మా మేనేజరు పావుగంట మాట్లాడాడు. కంప్యూటరు తొలిరోజుల్లో తామిద్దరూ భుజం భుజం కలిపి ఎన్నో కష్టాలు దాటామన్నాడు. ఆయన లేని లోటు తీర్చలేనిదన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. రెండు నిమిషాలు మౌనం పాటించమన్నాడు గానీ ఒక నిమిషానికే గడియారం చూసుకున్నాడు. నేను సభ అయ్యేదాకా ఆగకుండా ఆయన ఇంటికి నడిచాను. ఆఫీసుకి నాలుగు సందుల అవతలే ఇల్లు.

మగవాళ్ళంతా సందులో ఉన్నారు. లోపల ఆడవాళ్ళ మధ్య ఆయన భార్య గోడకానుకుని కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది. "నిన్న పొద్దున కూడా సొక్కా నలిగిందని నా మీద కేకలేసేరమ్మా" అంది. ఇద్దరం ఏడ్చాం. ఆయన గురించి ఆ రోజు నేను విన్న నిజమైన సంతాప వాక్యం అదొక్కటే.

నమాజు అయ్యాక జనాజా పాడె ఎత్తే వేళకి బయట కలకలం వినపడింది. కిటికీ దగ్గరికెళ్ళాను. సందు మొదట్లో ఒక గుంపు నిలబడి ఉంది. రేవు షిఫ్టు దిగి నేరుగా వచ్చిన మనుషులు, తలలకి తువ్వాళ్ళు, కాళ్ళకి దుమ్ము. మసీదు పెద్దాయన ఒకరు ఎదురెళ్ళి, మీరెవరని మర్యాదగానే అడిగారు. మేస్త్రి ముందుకొచ్చాడు. జుట్టు నెరిసింది, మోకాలు కాస్త ఈడుస్తున్నాడు.

"మేవు బాబు ఓడోళ్ళం" అన్నాడు.

పెద్దాయనకి అర్థం కాలేదు. అర్థం కాకపోయినా పక్కకి తప్పుకుని దారిచ్చారు.

వాళ్ళు తువ్వాళ్ళు తలల మీంచి తీసి భుజాల మీద వేసుకున్నారు. బరువు మొయ్యడం వాళ్ళకి ఒకరు నేర్పక్కర్లేదు. నలుగురు మనుషులు పక్కపక్కన నడవలేని మా వన్ టౌన్ సందులో, రెండువైపులా అరుగులు తగలకుండా, కర్రలు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మారుతూ వెళ్ళాయి. మా మేనేజరు పూలదండ పట్టుకుని సందు చివర నిలబడి ఉన్నాడు. వాళ్ళు వస్తుంటే గోడకి ఒత్తిగిలాడు. మలుపు దగ్గర, ఎప్పుడూ కేకేసి అడుగు మార్పించే మేస్త్రి ఆ రోజు నోరు విప్పలేదు. చెయ్యి మాత్రం పైకెత్తాడు. అందరూ ఒక్కసారిగా భుజం మార్చారు. కర్రల మీద ఆ తెల్లగుడ్డ ఒక మడత కూడా చెదరలేదు.